ఉత్త ఫ్లాష్

ఆదరణ కూడికకు వచ్చినవాళ్ళు పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి, లేదంటే తల వంచుకుని ప్రార్థన చేసుకోవాలి. మొన్న పేటలో మా ఫొటోల అన్నయ్య కూడికకు నందిగామ నుంచి వచ్చిన ఒక పెద్ద ఫొటోగ్రాఫరు ఈ రెండూ చెయ్యలేదు. మైకు పుచ్చుకుని, "సోదరుడు మంచోడేనండి, నేను కాదన్ను. కానీ కాలంతో పాటు ఎదగలేకపోయాడు. మేమంతా ఇంతింత లెన్సులు కొన్నాం" అని మూరెడు పొడుగు చూపించాడు. "ఈయన మాత్రం టీ గ్లాసంత పొట్టి లెన్సు ఒకటి తగిలించుకుని, జూమూ లేక, ఫ్లాషూ కొట్టక, ఉన్న చోటే ఉండిపోయాడు" అన్నాడు. షామియానా కింద కూర్చున్నవాళ్ళు నవ్వారు. పోయిన మనిషి భార్య ముందు వరసలో కూర్చుని ఉండగా నవ్వారు.

ఆయన వెనక కట్టిన ఫ్లెక్సీ ఇంకా ఘోరం. నల్లటి మా అన్నయ్యని పాలల్లో ముంచి తీసినట్టు తెల్లగా చేసి పెట్టారు. జన్మలో తొడుక్కోని కోటు తొడిగారు. మెడలో పొడుగు లెన్సు కెమెరా ఒకటి అతికించారు. "ఎవర్రా ఈయన?" అని ఫ్లెక్సీ వేసిన కుర్రాణ్ణి అడిగాను. "బ్రైట్‌గా ఉండాలి కదా ఆంటీ" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. లేచి నేనూ రెండు ముక్కలు చెబుతానన్నాను. "టైమైపోయిందమ్మా, భోజనాలు చల్లారిపోతన్నాయి" అని పాస్టరు గారు ముగింపు ప్రార్థన మొదలుపెట్టారు.

అక్కడ చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. ఆ పొట్టి లెన్సు ఆయన ఎందుకు కొన్నాడో పేట మొత్తంలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కొన్న రోజు నేను పక్కనే ఉన్నాను. కొన్నంతసేపూ ఆయనతో మాట్లాడకుండా ఉన్నాను.

నా కుట్టు కొట్టుకీ ఆయన స్టూడియోకీ మధ్య ఒకటే గోడ. నా మిషను చప్పుడు ఆయనకూ, ఆయన దగ్గు నాకూ వినపడేవి. నేను అన్నయ్యా అనేదాన్ని, ఆయన చెల్లెమ్మా అనేవాడు. బక్కపల్చని మనిషి. ఏ ఇంటికి ఫొటోకి పిలిచినా ముందు కెమెరా బయటికి తీసేవాడు కాదు. గది మధ్యలో నిలబడి అరచెయ్యి పైకెత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకునేవాడు. కిటికీలోంచి పడే వెలుతురు చేతి మీద ఎటువైపు పడుతోందో చూసేవాడన్నమాట. తెలియనివాళ్ళు జాతకం చూసుకుంటున్నాడనుకునేవాళ్ళు. ఒకావిడైతే, "నీ చెయ్యి తర్వాత చూసుకుందువుగానీ, ముందు మా పిల్ల ఫొటో తియ్యి బాబూ" అని కసిరింది.

నవ్వండి అని ఎవరినీ ఎప్పుడూ అడగలేదు. "ఇవాళ ఏం కూరండీ?" అని అడిగేవాడు. వాళ్ళు దొండకాయా, గోంగూరా అని ఆలోచించుకునే లోపు తీసేసేవాడు. దగ్గరికి తియ్యాలంటే మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళేవాడు, దూరం కావాలంటే వంటింటి గడప దాటి, గ్యాసు బండ పక్కన నక్కేవాడు. ఆయన ప్యాంట్లన్నీ మోకాళ్ళ దగ్గరే చిరిగేవి. లోపలి వైపు నుంచి అతుకులు వేసి ఇచ్చేదాన్ని.

ఫ్లాష్ కొట్టు అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "కొట్టనండి. మనుషుల్ని కొట్టడమేంటి?" అనేవాడు. నందిగామలో ఒక పెళ్ళిలో పెళ్ళికూతురి మేనమామ అందరి ముందూ అరిచాడు. "ఏం తీస్తున్నావయ్యా, ఒక్కటీ వెలగట్లేదు!" "మీరు వెలుగుతున్నారు కదండీ, సరిపోద్ది" అన్నాడు మా అన్నయ్య. అందరూ నవ్వారు గానీ, ఆ మేనమామ తర్వాత వాళ్ళ వైపు పెళ్ళిళ్ళు ఒక్కటి కూడా ఆయనకు రానివ్వలేదు.

మా వైపు జనానికి ఒక నమ్మకం ఉంది. ఫ్లాష్ పడితేనే ఫొటో పడినట్టు. ఆ నమ్మకాన్ని వాడుకుని రీళ్ళ కాలంలో ఫొటోగ్రాఫర్లు ఒక పని చేసేవాళ్ళు. దాని పేరు ఉత్త ఫ్లాష్. రీలులో లెక్కపెట్టినట్టు ఇన్ని ఫొటోలే ఉంటాయి. పెళ్ళికి వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను తియ్యి అంటే నన్ను తియ్యి అని మీద పడతారు. కాదంటే గొడవ. అందుకని ఫ్లాష్ వెనక ఉండే చిన్న బటను నొక్కేవాళ్ళు. దీపం భగ్గున వెలుగుతుంది, కెమెరా మాత్రం కదలదు. దిగినవాళ్ళు సంబరంగా వెళ్ళిపోతారు. చిన్నపిల్లల మీద చేస్తే అది వేళాకోళం. కానీ ఎవరి మీద చేసేవాళ్ళో చూడండి. పట్టుచీరల వాళ్ళ మీద కాదు. పందిరి చివర నిలబడి, అందరూ దిగాక మమ్మల్ని కూడా ఒక్కటి తియ్యి బాబూ అని అడిగేవాళ్ళ మీద.

మా అమ్మది పెనుగంచిప్రోలు పక్కన ఒక ఊరు. పత్తి తీతకీ మిరప కోతకీ పెద్ద రైతుల చేలకు వెళ్ళేది. నేను పెళ్ళై పేటకు వచ్చేశాక, ఆ రైతుల్లో ఒకాయన ఇంట్లో పెళ్ళి జరిగితే నీళ్ళు పొయ్యడానికి మా అమ్మనీ ఇంకో ముగ్గురినీ పిలిచారు. పెళ్ళిలో ఫొటో దిగొచ్చని మా అమ్మ పాస్టరమ్మ గారి దగ్గర చీర అడిగి తెచ్చుకుని కట్టుకుంది. బంతులు లేచాక నలుగురూ వరసగా నిలబడ్డారు. ఫ్లాష్ వెలిగింది. ఫొటోలాయన కొత్తగా పేటలో స్టూడియో పెట్టుకున్నవాడు. "పై వారం రామ్మా, ఇస్తా" అన్నాడు.

మా అమ్మ పై వారం వచ్చింది. ఆ పై వారమూ వచ్చింది. ఎప్పుడు పేటకు వచ్చినా స్టూడియో గుమ్మంలో నిలబడి అడిగేది. పై వారం, పై వారం. చివరికి అడగడం మానేసింది గానీ మర్చిపోలేదు. ఆ తర్వాత మా అమ్మ ఫొటో కోసం నిలబడలేదు. ఆధార్ కార్డు మీద ఉన్నది చూపిస్తే, "అది నేనా, ఎవరో దొంగమొహంది" అనేది.

తర్వాత ఎన్నో ఏళ్ళకు నేను కొట్టు పెట్టుకుని ఆ స్టూడియో పక్కకే చేరాను. అమ్మ నా కొట్టు వైపు ఎప్పుడూ రాలేదు, ఆ పై వారం మనిషి ఈయనే అని నాకు తెలియలేదు. అమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుని, మంచం మీదే మా ఇంటికి వచ్చాక ఒక రోజు, భార్య జాకెట్లు పట్టుకుపోదామని అన్నయ్య మా ఇంటికొచ్చాడు. ఇంకా చేతి పని మిగిలి ఉందని చెప్పాను. "సరే చెల్లెమ్మా, పై వారం తీసుకుంటాలే" అన్నాడు.

లోపలి గదిలోంచి అమ్మ గొంతు. "ఎవరది, ఫొటోలాయనేనా? బాబూ, నా ఫొటో వచ్చిందా?"

అన్నయ్య గుమ్మం దగ్గరే చెప్పులు విప్పాడు. లోపలికి వెళ్ళి, "తీసిస్తానమ్మా, మళ్ళీ తీసిస్తా. ఆ రోజు మీతో నిలబడ్డవాళ్ళు ఉన్నారా?" అని అడిగాడు.

ముగ్గురూ ఉన్నారు. అయితే అమ్మను కదిలించకూడదు. కంటి జబ్బు కూడా ఉంది, పెద్ద వెలుతురు తగలకూడదన్నారు డాక్టరు గారు, కిటికీకి కూడా తువ్వాలు కట్టి ఉంచేవాళ్ళం. ఆ గదిలో మా అబ్బాయి ఫోనుతో తీస్తే మొహాలు పిండిముద్దల్లా వచ్చాయి. ఎదురింటివాళ్ళు పిలిపించిన వేరే ఫొటోగ్రాఫరు తన పొడుగు లెన్సుతో గది గుమ్మంలో నిలబడి చూస్తే అమ్మ ముక్కూ నోరూ తప్ప ఏమీ కనపడలేదు. వరండాలోకి, అక్కడి నుంచి వీధిలోకి వెనక్కి వెళ్ళాడు, అప్పుడు గోడ అడ్డం వచ్చింది. "ముసలమ్మని బయటేసుకోండి, తీస్తా" అని వెళ్ళిపోయాడు. బయటేసుకోవడానికి మా అమ్మ ఏమన్నా నులక మంచమా!

అన్నయ్య నా టేపు అడిగి తీసుకుని గది కొలిచాడు. మంచానికీ ఎదురు గోడకూ మధ్య ఐదున్నర అడుగులు. మంచం పొడుగు, తల వైపు ఒకళ్ళు, కాళ్ళ వైపు ఇద్దరు, అంతా కలిపి ఎనిమిది అడుగుల వెడల్పు. కిటికీ తువ్వాలు సగం తీస్తే వచ్చేది గుడ్డి వెలుతురు. ఆ కొలతలు సిగరెట్ పెట్టె అట్ట మీద రాసుకున్నాడు. "ఈ గదికి సరిపోయే కన్ను నా దగ్గర లేదు చెల్లెమ్మా. బెజవాడ వెళ్ళాలి" అన్నాడు. నాకు లైనింగు గుడ్డ కావలసి ఉంది, నేనూ వస్తానన్నాను.

బస్సు నందిగామ దాటాక ఆయన నా వైపు చూడకుండా చెప్పాడు. "మీ అమ్మగారి ఫొటో నేను తియ్యలేదు చెల్లెమ్మా."

"పోయిందా?"

"పోలేదు. అసలు తియ్యలేదు. రీలులో ఇంకా పది దాకా ఉన్నాయి. పెళ్ళికొడుకు తరఫోళ్ళు దిగాలి, కూలోళ్ళకి ఉత్తది కొట్టెయ్ అన్నాడు పెద్దాయన. కొట్టేశా."

"ఆయనంటే నువ్వు కొడతావా?"

"కొట్టా."

"మరి పై వారం, పై వారం అని మా అమ్మని అన్నిసార్లు ఎందుకు తిప్పావు?"

"చెప్పడానికి నోరు రాలేదు."

నేను లేచి వెనక సీట్లోకి వెళ్ళి కూర్చున్నాను. పరిటాల దగ్గరి పెద్ద హనుమంతుడి విగ్రహం కిటికీలో వచ్చింది, పోయింది, నా కోపం పోలేదు. ఆ పెళ్ళిపెద్ద మీద ఎంత కోపమో ఈ మనిషి మీదా అంతే. పదేళ్ళ నుంచి గోడ అవతల కూర్చుని నా చేత అన్నయ్యా అనిపించుకున్నాడు కదా అని.

అయినా బెజవాడలో దిగి ఆయన వెనకే కెమెరాల దుకాణానికి వెళ్ళాను. ఫొటో రావాల్సింది మా అమ్మకు. ఈసారీ ఉత్తది కొట్టడని ఏంటి నమ్మకం?

దుకాణం ఆయన ముందు పొడుగు లెన్సు తీసి బల్ల మీద పెట్టాడు. "పెళ్ళిళ్ళకి ఇది లేకపోతే ఎవరూ పిలవరండి." అన్నయ్య దాన్ని ముట్టుకోలేదు. తర్వాత వెడల్పుగా కనపడే జూమ్ ఒకటి తీశాడు. "దీని కన్ను ఎంత వరకు తెరుచుకుంటది?" అన్నాడు అన్నయ్య. "రెండు పాయింట్ ఎనిమిదండి." "నాకు చాలదు. ఒకటి పాయింట్ నాలుగు కావాలి. జూమ్ లేకపోయినా పర్లేదు." అప్పుడు నా వైపు తిరిగి, నేను మాట్లాడకపోయినా చెప్పాడు. "నెంబరు తగ్గే కొద్దీ దీని కాజా, నీ బొత్తాల కాజా లాంటిదే, పెద్దదవుద్ది చెల్లెమ్మా. కాజా పెద్దదైతే ఎక్కువ వెలుతురు దూరుద్ది. ఈ జూముకంటే నాలుగింతలు." కాజా అన్నాక నాకు అర్థమైంది. అర్థమైందని మాత్రం అనలేదు.

జూమ్ లేని సెకండ్‌హ్యాండ్ లెన్సులు మూడు వచ్చాయి. వాటి మీద ఇరవై, ఇరవై నాలుగు, ముప్పై ఐదు అని ఉన్నాయి, లెన్సు ఎంత వెడల్పు చూస్తుందో చెప్పే నెంబర్లట. వెనక అట్టపెట్టెల గదిలో లైట్లు తీసెయ్యమన్నాడు. దుకాణం ఆయన మొహం చిట్లించాడు. "లైట్లు తీస్తే ఏం కనపడుద్దండి?" "నేను తీసే ఇళ్ళల్లో ఇంతే కనపడుద్దండి" అన్నాడు. నా టేపుతో ఐదున్నర అడుగులు కొలిచి, గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఊడ్చే ఆవిడను తల వైపు, నన్ను కాళ్ళ వైపు చివర నిలబెట్టాడు. మధ్యలో పెట్టెలే మా అమ్మ.

ముప్పై ఐదుతో మొహాలు చక్కగా వచ్చాయి, కానీ నేను సగమే ఉన్నాను. ఇరవైతో అందరం వచ్చాం, గది కూడా హాలంత కనపడింది. దుకాణం ఆయన, "ఇది తీసుకోండి, ఇల్లు పెద్దదిగా కనపడుద్ది, అందరికీ నచ్చుద్ది" అన్నాడు. అన్నయ్య కెమెరా వెనక బొమ్మను పెద్దది చేసి చూశాడు. చివర ఉన్న నా మొహం చపాతీ పిండి లాగినట్టు పక్కకు సాగి ఉంది. "చివర నిలబడేవాళ్ళు చివర నిలబడ్డారని మొహం సాగదీస్తామా? వద్దండి" అన్నాడు. అప్పుడు ఇరవై నాలుగు పెట్టాడు. గోడకు ఇంకాస్త అతుక్కుని తీశాడు. అందరం ఉన్నాం. నేను నాలాగే ఉన్నాను. కాజా మొత్తం తెరిస్తే అంచుల దగ్గర కొంచెం మెత్తబడింది. ఒక మెట్టు మూసి మళ్ళీ తీశాడు, గట్టిపడింది. ఆ తర్వాత టార్చి వెనక నుంచి వేసి, అద్దాల మధ్య బూజు ఉందేమోనని ఎంతసేపు చూశాడో!

దుకాణం ఆయన తెరలో నా బొమ్మ చూసి, "మేడం గారు బాగా కోపంగా ఉన్నారండి" అన్నాడు.

"ఉండాలండి" అన్నాడు అన్నయ్య. "ఆ కోపం ఈ చీకట్లో కూడా పడిందంటే లెన్సు మంచిదే. ఇదే ఇచ్చెయ్యండి."

ఉన్న చోటే ఉండిపోయాడట! నందిగామ పెద్దమనిషి ఏ రోజైనా ఒక మనిషి గది కొలుచుకెళ్ళి లెన్సు కొన్నాడా?

ఆదివారం ఆరాధన అయ్యాక, ఆ పెళ్ళిలో అమ్మతో నిలబడ్డ ముగ్గురూ ఆటోలో వచ్చారు. వాళ్ళలో మరియమ్మ ఎప్పుడూ వాగుడుకాయ. "ఏమే, ఇన్నేళ్ళకి మళ్ళీ మనకి పెళ్ళా?" అంటూ అమ్మ తల దగ్గర నిలబడింది. అన్నయ్య అరచెయ్యి ఎత్తి చూసుకున్నాడు, తువ్వాలు సగం పక్కకు జరిపాడు, గోడకు కరుచుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఇవాళ ఏం కూరండీ?" అన్నాడు. "నువ్వేం తెచ్చావో చెప్పు, వండుదాం" అంది మరియమ్మ. టక్కుమని చిన్న చప్పుడు. ఇంకో నాలుగు టక్కులు.

అమ్మ ఎదురుచూస్తూనే ఉంది. "ఏదీ? వెలగలేదే?"

"అయిపోయిందమ్మా, పడింది."

"వెలక్కుండా ఎట్టా పడుద్ది? మళ్ళీ మోసం చేస్తన్నావా? కళ్ళు పోతే పోయినాయి, వెలిగించి తియ్యి!"

కెమెరా వెనక చూపిస్తే ఆమెకు ఆనలేదు. అన్నయ్య అలాగే మోకాళ్ళ మీద మంచం దగ్గరికి జరిగాడు. "అమ్మా, అప్పుడు వెలిగింది గానీ పడలేదండి. నేను ఫొటో తియ్యలేదు. ఉత్త ఫ్లాష్ కొట్టా. ఇప్పుడు వెలగలేదు, కానీ పడింది" అన్నాడు.

అమ్మ అడిగింది. "పాస్టరమ్మ గారి చీర కట్టుకున్నా కదయ్యా ఆ రోజు?"

"అవునండి."

"పై వారం, పై వారం అని తిప్పుకున్నావు కదా?"

"అవునండి."

"అయితే నాది నాకు తెచ్చివ్వు. ఆ చీరా, ఆ మొహం."

మర్నాడు అన్నయ్య ఆ కొత్త ఫొటో పెద్దది చేసి తెచ్చాడు. ఎంత బాగుందో చెప్పలేను. నలుగురూ నల్లగా, వాళ్ళు ఉన్నంత నల్లగా ఉన్నారు, ఆ నలుపులోనే ప్రతి ముడతా కనపడుతోంది. తువ్వాలు సందులోంచి వచ్చిన వెలుతురు అమ్మ బుగ్గ మీద పడి ఉంది. అమ్మ కంటికి జానెడు దూరంలో పెట్టుకుని చూసింది. "మరియమ్మ పొట్ట లోపలికి పీల్చింది చూడు" అంది. తర్వాత దాన్ని పక్కన పెట్టేసి, "ఇది ముసల్ది. బాగానే ఉంది. నాదేదీ?" అంది.

అప్పటి నుంచి ఆయన మునేరు ఏటి పక్క, ఆ పెళ్ళి జరిగిన ఊరికి తిరగడం మొదలుపెట్టాడు. పాత ఫిలిములు స్టూడియోలో చెదలు తినేశాయి. మిగిలింది ఆ పెళ్ళివాళ్ళ ఆల్బం ఒక్కటే. మొదటిసారి వెళ్తే ఆ ఇంటివాళ్ళు, "కూలోళ్ళ ఫొటో మా ఆల్బంలో ఎందుకుంటదయ్యా?" అన్నారట. రెండోసారి, పై వారం రమ్మన్నారట. అది చెప్పి ఆయన నవ్వబోయాడు, నా మొహం చూసి ఆపేశాడు. మూడోసారి వరండాలో కూర్చోబెట్టి ఆల్బం చేతికిచ్చారు. రెండుసార్లు తిరగేశాడు. భోజనాల బంతి ఫొటో ఒకదాని అంచున దొరికింది. దాన్ని కెమెరాలోకి ఎక్కించుకొచ్చి, పెద్దది చేసి, అమ్మ మంచం మీద పెట్టాడు.

"ఇంతే ఉందండి అమ్మా."

అది ఒక చెయ్యి. మోచేతి నుంచి వేళ్ళ దాకా. మట్టిగాజులు, పాస్టరమ్మ గారి చీర కొంగు అంచు, స్టీలు జగ్గు. జగ్గులోంచి నీళ్ళు ఒకడు పట్టుకున్న గ్లాసులో పడుతున్నాయి. మోచేతికి పైన ఫొటో అయిపోయింది. అంత పెద్ద ఆల్బంలో మా అమ్మను అంతవరకే ఉంచారు.

అమ్మ దాన్ని దగ్గరగా పట్టుకుంది. ఆ గాజుల మీద వేలు పెట్టింది. తన చెయ్యి ఒకసారి చూసుకుంది.

"గ్లాసు పట్టుకుని ఇకిలిస్తన్నాడు, ఎవడు వీడు?"

"పెద్దాయన బావమరిదండి."

"వీణ్ణి కోసెయ్యి."

అన్నయ్య తటపటాయించాడు. "ఫొటోలో మనిషిని కొయ్యకూడదండీ..."

"నన్ను కోసినప్పుడు లేదా ఆ సంగతి?"

ఆయన నా వైపు చెయ్యి చాపాడు. గుడ్డ కత్తెరతో కాగితం కోస్తే పదును పోతుంది. కట్టుకున్న మొగుడికి కూడా నేను నా కత్తెర ఇవ్వను. ఆ రోజు మాత్రం నేనే లేచి వెళ్ళి తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టాను.